వాల్ట్జ్‌లో నాలుగో లెక్కకు నా కుడికాలే ఎందుకు నలుగుతోంది?

మిద్దె మాష్టారు, తిరుపతి:

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. వయసు 55. డ్యాన్సుకూ నాకూ ఉన్న సంబంధమల్లా గంగజాతర డప్పు వినబడితే భుజం కాస్త కదలడం. అంతకు మించి లేదు.

మావాడు ఆస్ట్రియాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి అమ్మాయినే చేసుకుంటున్నాడు. తిరుచానూరులో మన పద్ధతిలో ఒక పెళ్లి, అక్కడ వాళ్ల పద్ధతిలో ఇంకొకటి. అక్కడ భోజనాలయ్యాక పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వాల్ట్జ్ అనే జంట డ్యాన్సు మొదలుపెడతారట. కాసేపటికి రెండు వైపుల తల్లిదండ్రులూ కలవాలట. ముందు ఎవరి జోడీతో వాళ్లు, తరవాత మార్చుకుని. అంటే నేను మా వియ్యపురాలితో అన్నమాట. ఈ సంగతి మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

వియ్యాలవారికి ఇది కొత్త కాదు. అక్కడ పదిహేను, పదహారేళ్లకే పిల్లల్ని డ్యాన్స్ స్కూలుకు పంపడం మామూలేనట. నాకు మిగిలింది మూడు నెలలు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు, మిద్దె చల్లబడ్డాక, నేనూ మా ఆవిడా పైకెక్కుతాం. నీళ్ల ట్యాంకు పక్కన సుద్దముక్కతో చదరం గీసుకున్నాను. ఎదురింటి పెద్దావిడ వడియాలు ఎత్తడానికి సరిగ్గా ఆ టైముకే పైకి వస్తుంది. ఈమధ్య ఆమెకు నాలుగు వడియాలు ఎత్తడానికి గంట పడుతోంది.

ఇక సమస్య. మావాడు వీడియో కాల్‌లో నేర్పింది ఇదీ. ఒకటికి నా ఎడమకాలు ముందుకు, రెండుకు కుడికాలు పక్కకు, మూడుకు ఎడమకాలు తెచ్చి కుడికాలి పక్కన చేర్చాలి. నాలుగుకు కుడికాలు వెనక్కి, ఐదుకు ఎడమకాలు పక్కకు, ఆరుకు కుడికాలు చేర్చాలి. మా ఆవిడ అద్దంలో బొమ్మలాగా దీనికి ఎదురు వేయాలి. మొదటి మూడూ బాగానే వస్తాయి. నాలుగు అనగానే ఆమె ఎడమపాదం వచ్చి నా కుడికాలి వేళ్ల మీద పడుతుంది. ఎప్పుడో ఒకసారి అయితే అడిగేవాణ్ణి కాదు. ప్రతిసారీ అక్కడే, అదే కాలు. కుడి బొటనవేలి గోరు నల్లబడిపోయింది.

ఆమె తొందరపడుతోందని నా వాదన. నేను ఉండాల్సిన చోట లేనని ఆమె వాదన. ఆమె చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకుంది కాబట్టి లయ విషయంలో నా మాట చెల్లదు. అయినా ఎదుటి మనిషి కాలు తొక్కింది ఎవరు? అది చూడాలి కదా.

ఇంకో రెండు సందేహాలు. తిరిగేటప్పుడు కుడి మోకాలు లోపలి పక్క నొప్పి పుడుతోంది. రెండోది, వెయిట్ ట్రాన్స్‌ఫర్, వెయిట్ ట్రాన్స్‌ఫర్ అని అందరూ అంటున్నారు. రెండు కాళ్లూ పక్కపక్కన చేర్చి నిలబడ్డాక బరువు ఏ కాలి మీద ఉందో ఎవరికి తెలుస్తుంది? తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత?

—

కుప్పం కుర్రోడు:

సార్, కుడికాలు, నాలుగో లెక్క అన్నారు చూడండి, అక్కడే జబ్బు తెలిసిపోయింది. తొక్కింది మేడమే. తప్పు మాత్రం మీదే. కోప్పడకండి. నేను బెంగళూరులో నాలుగేళ్లు నేర్చుకున్నాను. మొదటి రెండు నెలలు నా గోరూ అదే రంగులో ఉండేది.

మూడో లెక్కకు మీరు ఎడమకాలిని తెచ్చి పక్కన పెడుతున్నారు, దాని మీద నిలబడటం లేదు. బరువంతా ఇంకా కుడికాలి మీదే ఉంది, లేదా రెంటి మీదా చెరిసగం ఉంది. నాలుగుకు కదలాల్సింది ఏ కాలు? కుడికాలు. బరువు మోస్తున్న కాలు ఎలా కదులుతుంది? మీరు ముందు ఒంటిని ఎడమకు వాల్చి, కుడికాలిని ఖాళీ చేసుకుని, అప్పుడు వెనక్కి తీస్తున్నారు. దానికి పట్టేది అర సెకను కూడా కాదు. కానీ మేడం లెక్క ప్రకారం ఎడమకాలు ముందుకు వేసేశారు. ఆ కాలికి ఎదురుగా ఉండేది మీ కుడికాలే. అది ఇంకా అక్కడే ఉంది. ఫట్.

ఒక పరీక్ష చేయండి. ఒకటి, రెండు, మూడు వేసి మూడు దగ్గర ఆగిపోండి. ఎటూ వాలకుండా, గోడ పట్టుకోకుండా కుడికాలు పైకెత్తండి. లేచిందా, మీరు సరిగ్గా ఉన్నారు. ఎత్తడానికి ముందు ఒళ్లు కొంచెమైనా పక్కకు జరిగిందా, బరువు మారలేదన్నట్టే. మీ చివరి సందేహానికి కూడా ఇదే జవాబు.

లెక్కల్లో చెప్పాలంటే, పాట మూడేసి దెబ్బలు, మనిషికి కాళ్లు రెండు. మూడు బేసి సంఖ్య కాబట్టి ప్రతి దెబ్బకూ ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ పోతే ఈ వరస ఎడమతో మొదలై, తరవాతి వరస కుడితో మొదలవుతుంది. మూడో దెబ్బ ఎగ్గొట్టారంటే మళ్లీ ఎడమకాలే ఖాళీగా ఉంటుంది, మీరు మళ్లీ ముందుకే వస్తారు. అప్పుడు నల్లబడేది మేడం గోరు.

పాదం ఎలా పెట్టాలో కూడా చెప్తాను, మావాళ్లు దీన్ని ఫుట్‌వర్క్ అంటారు. ఒకటికి ముందుకు వెళ్లేటప్పుడు నడకలోలాగే ముందు మడమ తాకాలి, తరవాత పాదం మొత్తం, చివరకు ముని వేళ్ల మీదికి రావాలి. అక్కడి నుంచే ఒళ్లు పైకి లేవడం మొదలవుతుంది. రెండో అడుగు మునివేళ్ల మీదే. మూడు కూడా వేళ్ల మీదే చేర్చి, చివర్లో మడమ మెల్లగా దించాలి. ఈ దించడం దగ్గరే మన పని బయటపడుతుంది. మీరు అలిపిరి మెట్లు ఎక్కే మనిషే అయ్యుంటారు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడు కొందరు ధబ్ ధబ్‌మని మడమల మీద పడుతూ దిగుతారు, కొందరు పై మెట్టు మీద ఉన్న కాలిని మోకాలి దగ్గర వంచుతూ కిందికాలిని పువ్వులా పెడతారు. ఈ రెండోవాళ్లలాగా దిగాలి. నిలబడ్డ కాలు మిమ్మల్ని కిందికి దించాలి, మీరు దాని మీద కూలబడకూడదు.

ఇంకొకటి. మొదటి అడుగుకు కాలు ముందు పంపిస్తారేమో చూసుకోండి. ఒళ్లు ముందు కదలాలి, దాని కిందికి కాలు రావాలి. మీ కాలు కదిలింది మేడంకు కనబడదు, మీ రొమ్ము కదిలితే ఆమెకు చేతుల్లోంచి తెలుస్తుంది. ఇద్దరూ సూటిగా ముఖాముఖి నిలబడకండి, ఎవరికి వారు కొంచెం ఎడమకు జరిగి నిలబడాలి. అప్పుడు మీ కుడిపాదం ఆమె రెండు పాదాల మధ్యలోకి చూస్తుంది, మోకాళ్లు గుద్దుకోవు.

—

చిత్తూరు బెల్లం:

సార్, టెక్నిక్ తరవాత. వియ్యపురాలి కాలు తొక్కితే జర్మన్‌లో సారీ ఏమంటారో అది ముందు నేర్చుకోండి. ఎంట్‌షుల్డిగుంగ్. ఆ మాట పలికేలోపు ఇంకో మూడు అడుగులు అయిపోతాయి.

—

తకిట టీచర్, తిరుపతి:

మాష్టారూ, పై తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను పిల్లలకు కూచిపూడి చెబుతాను, బాల్‌రూమ్, అంటే ఇలాంటి జంట డ్యాన్సు, నాకు రాదు. కానీ తిశ్రగతి, అంటే మూడేసి అక్షరాల నడక, మొదలుపెట్టినప్పుడు మా పిల్లలకు కూడా సరిగ్గా ఇలాగే ఒక కాలు పోతుంది. తకధిమి అన్నంతకాలం ఏ గొడవా ఉండదు, నాలుగు సరి సంఖ్య, ప్రతి ఆవృత్తం కుడికాలితోనే మొదలవుతుంది. తకిట అనగానే రెండో ‘త’ ఎడమకాలికి వస్తుంది, అక్కడ ఒళ్లు ఒప్పుకోదు. ‘ట’ దగ్గర పాదం తాకించి ఊరుకుంటారు, మళ్లీ కుడికాలే కొడతారు. నేను చేయించేది ఏమిటంటే, చదరం, ముందు, వెనక ఏమీ వద్దు. ఉన్నచోటే నిలబడి నోటితో తకిట తకిట అంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో కాలు మార్చడం. పది నిమిషాలు. నోరు, కాలు కలిశాకే కదలడం.

మీ ఆవిడ గురించి ఒక మాట. ఆమెకు లయ పోదు. ఆమె ఇబ్బంది వేరే ఉండొచ్చు. మాకు పాదం మొత్తం చదునుగా నేలకు కొట్టడం అలవాటు, మోకాళ్లు పక్కలకు తెరిచి అరమండిలో కూర్చోవడం అలవాటు. బరువు రెండు కాళ్ల మధ్యలో ఉంచుకుని ఎటు కావాలంటే అటు పోవడానికి సిద్ధంగా ఉంటాం. జోడీగా వెనక్కి జారుతూ వెళ్లడం మా చదువులో లేదు. ఆమె తరంగం దాకా నేర్చుకుని ఉంటే మాత్రం ఇది తేలిగ్గా పట్టుకుంటుంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి పళ్లాన్ని కదిలించే మనిషికి బరువు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర లేదు. కొంచెం తేడా వచ్చినా పళ్లెమే చెబుతుంది.

—

పుత్తూరు కట్టు:

నేను ఫిజియోథెరపిస్టుని, పేరు చూసి భయపడకండి. మాష్టారు గారి మోకాలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మిద్దె మీద గరుకు సిమెంటు. కాళ్లకు స్పోర్ట్స్ షూ వేసుకుంటున్నారా? రబ్బరు అడుగు సిమెంటును గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలి అంతా పోయేది మోకాలికే. మోకాలు ప్రధానంగా తలుపు బందు లాంటిది, మడవడానికీ చాచడానికీ తప్ప మెలి తిప్పడానికి పెద్దగా పనికిరాదు. అందుకే ఈ డ్యాన్సు వాళ్ల బూట్లకు అడుగున మెత్తటి స్వెడ్ తోలు ఉంటుంది. మరీ జారదు, మరీ పట్టుకోదు. అరిగి నున్నబడితే తీగల బ్రష్షుతో రుద్దుకుంటారు, వీధిలో వేసుకోరు. మీరు అంత దూరం పోనక్కర లేదు, పాత ఫార్మల్ షూ ఒక జత తీసి చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు అడుగు వేయించుకోండి. మిద్దె వదిలి హాల్లో నున్నటి నేల మీద చేయండి. గ్రానైట్ మీద సాక్సులతో మాత్రం వద్దు, తుంటికి నేను గ్యారంటీ ఇవ్వలేను.

తిరిగేటప్పుడు మడమ బరువు తేలిక చేసి పాదం ముందు భాగం మీద తిరగండి. మోకాలు ఎప్పుడూ ఆ కాలి వేళ్లు చూసే వైపే చూడాలి. వాపు వచ్చినా, మోకాలు మడవగానే పట్టేసినట్టు ఆగిపోయినా డాక్టరుకు చూపించండి. మా ఊరి కట్టు విరిగిన ఎముకలకు సార్, దీనికి కాదు.

—

మదనపల్లె టమాటా:

నేను వియన్నాలో ఆరేళ్లు ఉన్నాను. అందరూ ఒక అసలు విషయం వదిలేశారు. మాష్టారు గారూ, మీరు మిద్దె మీద చేస్తున్న చదరం స్లో వాల్ట్జ్. అది నిమిషానికి 28 నుంచి 30 బార్లు (బారు అంటే మూడు దెబ్బల వరస), అంటే 90 దెబ్బల లోపు. అక్కడి పెళ్లిళ్లలో మామూలుగా వేసేది వియన్నా వాల్ట్జ్. పోటీల లెక్కలో అది నిమిషానికి 58 నుంచి 60 బార్లు, దాదాపు 180 దెబ్బలు. దాదాపు రెట్టింపు. పెళ్లి బ్యాండు కొంచెం దయ చూపిస్తుందేమో గానీ సగానికి తగ్గించదు. ఏ పాట, ఎంత స్పీడో మీ అబ్బాయిని ఇవాళే అడగండి.

ఆ స్పీడుకు ఈ చదరం పనికిరాదు. కుడివైపుకు గిరగిరా తిరుగుతూ పోవడమే. అందులో మగవాళ్లు కుడికాలితో ముందుకు మొదలుపెడతారు, కుడి, ఎడమ, కుడి చేర్చు. తరవాతి మూడు ఎడమకాలితో వెనక్కి, ఎడమ, కుడి, ఎడమ చేర్చు. పైకి లేవడం, దిగడం దాదాపు ఉండదు, అంత టైము లేదు. అడుగులు చిన్నవి. కానీ మూడో లెక్కకు బరువు మారడం ఇక్కడ ఇంకా ముఖ్యం. స్లోలో మీకు అర సెకను దొంగతనం కుదిరింది, ఇక్కడ ఒక్కో దెబ్బే సెకనులో మూడో వంతు.

హాల్లో జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురుగా చుట్టూ తిరుగుతాయి. మన గుడి ప్రదక్షిణకు రివర్సు. అలవాటు కొద్దీ అటు తిరిగారంటే పెళ్లివారందరికీ ఎదురు పోతారు. కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా తిరగడం ఆపి, ఉన్నచోటే కుడికీ ఎడమకీ ఊగండి. అక్కడి పెద్దవాళ్లు కూడా చేసేది అదే.

—

మిద్దె మాష్టారు, తిరుపతి (పది రోజుల తరవాత):

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి కారణం, ప్రయోగం చేయకుండా ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

కుప్పం తమ్ముడి పరీక్షలో మొదటి రోజే ఫెయిలయ్యాను. కుడికాలు ఎత్తబోతే ఒళ్లు ఎడమకు జరిగింది. అయినా సరే, ఎంత జరిగిందో కొలవాలి కదా. ఇంట్లో ముల్లున్న పాత బరువు మిషన్ ఒకటి ఉంది. కింద వాటాలో వాళ్లను అడిగి ఇంకొకటి తెచ్చాను. డిజిటల్‌ది పనికిరాదు, అంకె ఒకసారి పడితే అక్కడే ఆగిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కోదాని మీద ఉంచి నిలబడ్డాను. నా బరువు 72 కిలోలు. కళ్లు మూసుకుని, నా లెక్క ప్రకారం ‘బరువు ఎడమకు మార్చి’, అంకెలు చదవమని మా ఆవిడకు చెప్పాను. ఎడమ 41, కుడి 31. నేను మాత్రం మొత్తం మార్చేశాననే అనుకున్నాను!

ఎందుకని ఆలోచిస్తే, నేను కదిలించింది తలా భుజాలే. నడుము ఉన్నచోటే ఉంది. గరిమనాభి (ఒంటి బరువంతా కేంద్రీకరించినట్టు లెక్కవేసే బిందువు) నుంచి గీసిన నిలువు గీత ఆధారం దాటి బయట పడకూడదని ప్రతి ఏడాదీ బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. కుడికాలు ఎత్తితే నాకు మిగిలే ఆధారం ఎడమ అరికాలు ఒక్కటే, ఆ గీత దానిలోపల పడాలి. నడుము అటు రాకుండా ఎలా పడుతుంది? పొట్టను, నడుమును కలిపి ఎడమపాదం పైకి తెచ్చాక ఎడమ 70, కుడి 2. ఆ రెండు కిలోలూ కుడికాలు ఊరికే ఆనుకుని ఉన్నందుకు. అప్పుడు కుడికాలు దానంతట అదే లేచింది.

తరవాత నాలుగు రోజులు టీచర్ గారు చెప్పిన తకిట తప్ప ఇంకేమీ చేయలేదు. ఐదో రోజు చదరంలోకి దిగాం. నాలుగో లెక్కకు మా ఆవిడ కాలు వచ్చింది, ఖాళీ నేల మీద పడింది. నేనే ఆగిపోయి కిందికి చూశాను.

ఈ థ్రెడ్ మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ‘తొక్కింది మేడమే, తప్పు మాత్రం మీదే’ అన్న వాక్యం రెండుసార్లు చదివించుకుంది. అప్పటి నుంచి కూరలో ఉప్పు ఎక్కువైనా ‘తప్పు మాత్రం మీదే’ అంటోంది.

షూకు తోలు వేయించాను, హాల్లో సోఫాలు గోడకు జరిపాం. మోకాలు నొప్పి సగానికి పైగా తగ్గింది. ఎదురింటి పెద్దావిడ మిద్దె మీద కనిపించి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మదనపల్లె బాబూ, నువ్వన్నట్టే అయింది. మావాడిని అడిగితే వియన్నా వాల్ట్జే అన్నాడు. ‘నీకు చెబితే భయపడతావని చెప్పలేదు నాన్నా’ అన్నాడు. మూడు నెలల్లో పది రోజులు అయ్యాక! నువ్వు చెప్పింది కాగితం మీద గీసుకున్నాను. జంట తన చుట్టూ తాను గడియారం దిశలో, హాలు చుట్టూ ఎదురు దిశలో. గ్రహాల్లో శుక్రుడు సూర్యుడి చుట్టూ ఒక దిశలో తిరుగుతూ తన చుట్టూ తాను ఎదురు దిశలో తిరుగుతాడు. క్లాసులో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, కానీ ఎక్కడ చూశారని పిల్లలు అడిగితే ఏం చెప్పను?

—

కుప్పం కుర్రోడు:

సార్, బరువు మిషన్లు పెట్టి వాల్ట్జ్ నేర్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. 70, 2 చాలు. ఇక కొలవడం మానేసి పాట పెట్టండి. మేడం వెనక్కి వెళ్లేటప్పుడు ఎలా ఉంది?

—

మిద్దె మాష్టారు, తిరుపతి:

నమస్తే బాబూ. మాష్టారి ఫోన్ నుంచి ఆయన భార్యను రాస్తున్నాను. ఆయన ట్యూషన్‌లో ఉన్నారు.

వెనక్కి వెళ్లడం టీచర్ గారన్నట్టే కష్టంగా ఉంది. పాదం చదునుగా ధప్‌మని పెట్టేస్తున్నాను. తరంగం దాకా రాలేదండీ, మా నాన్నకు బదిలీ అయి ఆపేశాను. మునివేళ్లు వెనక్కి చాచి మడమ ఆలస్యంగా దించమని అబ్బాయి చెప్పాడు. అలా చేస్తే మరి ముందున్న కాలు ఏం కావాలి, అది అక్కడే అతుక్కుపోతోంది.

ఆయన గురించి కూడా ఒకటి అడగాలి. మూడో లెక్కకు బరువు మారుతోంది, అది ఒప్పుకుంటాను. కానీ ఒకటీ రెండూ మూడూ అని నా చెవిలో గట్టిగా లెక్కపెడుతున్నారు. క్లాసులో చివరి బెంచీకి వినబడేంత గట్టిగా. నాకంటే అలవాటే. మా వియ్యపురాలికి తెలుగు కూడా రాదు కదా.

—

కుప్పం కుర్రోడు:

మేడం, మీ బరువు వెనక్కాలి మీదికి వస్తున్నకొద్దీ ముందున్న కాలి వేళ్లు నేల నుంచి లేవాలి. మడమ ఒక్కటే నేలకు రాస్తూ వెనక్కి రావాలి. ఆ పాదం దగ్గరికి వచ్చాకే వెనక్కాలి మడమ పూర్తిగా దించండి. ముందే దించితే అతుక్కుపోతుంది. హాల్లో గోడ పట్టుకుని ఒంటరిగా పది అడుగులు వెనక్కి నడవండి, రెండు రోజుల్లో వస్తుంది.

సార్ లెక్కపెట్టడం ఆపడానికి మా క్లాసులో ఒక మందు ఉండేది. నోట్లో గుటకెడు నీళ్లు పోసుకుని, మింగకుండా, పాట అయ్యేదాకా డ్యాన్స్ చేయాలి. మీరు మాత్రం ఆ రోజు పాత చీర కట్టుకోండి.